తుడిచేసిన నూట ఎనిమిది

నా చిన్నప్పుడు మా ఇంట్లో తొమ్మిది పలకలు ఉండేవి, మేం పోయే బడి మాత్రం లేదు. ఆళ్లగడ్డ దగ్గరి మా పల్లె పక్కన పారే వంకకు అవతల బడి ఉండేది. వానలొస్తే వంక దాటనిచ్చేది కాదు, వానలు లేనప్పుడు అయ్యవారు వచ్చేవారు కాదు. మా పెద్దమ్మ టీచర్ ట్రైనింగ్ చేసి, ఉద్యోగం రాకముందే మా ఇంటి కోడలైంది. పిల్లలకు తానే చదువు చెబుతానని ఒకరోజు ఇంట్లో తెగేసి చెప్పింది. అన్నదమ్ముల పిల్లలం తొమ్మిదిమందిమి ఆ రోజు నుంచి వసారాలో వరసగా కూర్చున్నాం.

ఆమె చదువుకు వేళాపాళా ఉండేది కాదు. జొన్నరొట్టె తడుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. రొట్టె పెనం మీద పడేలోగా ఎక్కం పూర్తి కాకపోతే ఆ రొట్టె పక్కవాళ్లకు పోయేది. పదమూడో ఎక్కం పుణ్యమా అని మా పెద్దన్న ఎన్నిసార్లు ఆకలితో లేచాడో! మజ్జిగ చిలుకుతూ డిక్టేషన్ చెప్పేది. కవ్వం ఆగిందంటే వాక్యం అయిపోయిందని మాకు గుర్తు. మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపరు జేజికి, అంటే మా నాయనమ్మకు, చదివి వినిపించడం కూడా చదువులో భాగమే.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుండేది. పెద్దమ్మ పెద్దపిల్లలకు చెబుతుంది. మేం మా కిందివాళ్లకు చెప్పాలి. అలా చెప్పేదాకా ఎవరూ పలక తుడవకూడదు. నేను మూడోదాన్ని. నా కింద మా చిన్నాయన కొడుకు. చిన్నాయనకు నంద్యాలలో ఉద్యోగం, వాడిని మాత్రం మా దగ్గరే ఉంచాడు. తమ్ముడికి పాఠం చెప్పేటప్పుడు నాకు ఎక్కడలేని దర్జా వచ్చేది. ఓణీ కొంగు భుజాన సర్దుకుని, చీపురుపుల్ల పట్టుకుని, పెద్దమ్మ కన్నా గట్టిగా గద్దించేదాన్ని.

చలికాలంలో అహోబిలం స్వామి పారువేట ఉత్సవానికి పల్లకిలో ఊరూరూ తిరుగుతాడు. ఆ ఏడు పల్లకి మా ఊరికి వచ్చే రోజు పొద్దున పెద్దమ్మ భాగహారంలో కొత్త మెలిక చెబుతోంది. మధ్యలో అంకెకు భాగం పోకపోతే అక్కడ సున్న పెట్టి ముందుకు పోవాలని. సరిగ్గా అప్పుడే దూరంగా మేళం వినబడింది. కళ్లు పలక మీద ఉన్నాయి గానీ నా ప్రాణమంతా వీధిలోనే ఉంది. అర్థమైందా అని అడిగితే తల ఊపేశాను. మధ్యాహ్నం అదే లెక్క తమ్ముడికి సున్న లేకుండా నేర్పాను. వాడు నొసలు చిట్లించాడు. చెప్పింది చెయ్యమని కసిరాను. వాడు బుద్ధిగా తన కిందున్న చెల్లెలికి అదే నేర్పాడు.

పారువేటకు వచ్చిన చిన్నాయన మరునాడు వసారాలో కూర్చుని, కొడుకును నంద్యాలలో హాస్టల్లో చేరుస్తానన్నాడు. తమ్ముడికి మమ్మల్ని, జేజిని వదిలిపోవడం చావుతో సమానం. వాడి ముఖం చూసి పెద్దమ్మ, ఏదైనా లెక్క అడిగి చూసి అప్పుడు తేల్చుకోమంది. మూడువందల ఇరవై నాలుగును మూడుతో భాగించమన్నాడు చిన్నాయన. తమ్ముడు ఏదో వేశాడు, అరచేత్తో తుడిచాడు, మళ్లీ వేశాడు. పలక మీద పద్దెనిమిది.

"ఇదేంది వదినా? ఇంతమందిని కూర్చోబెట్టుకొని నువ్వు చెప్తాండే చదువు ఇదేనా?" అని చిన్నాయన కొడుకు వైపు తిరిగాడు. "గుడ్డలు సర్దుకో. బేగ పోదాం."

పెద్దమ్మ వాడి కింది చెల్లెలిని అదే లెక్క చెయ్యమంది. పద్దెనిమిదే వచ్చింది. ఇద్దరిదీ ఒకే తప్పు కావడంతో, అది పైనుంచి దిగిందని ఆమెకు తెలిసిపోయింది. "నేర్పింది నేను. తప్పు నాది. పిల్లోన్ని ఏమనొద్దు," అంది మరిదితో. ఎక్కడ తప్పానో నాకింకా తెలియదు గానీ, అది నా దగ్గరే మొదలైందని మాత్రం తెలుసు. అయినా నోరు మెదపలేదు. అంతమందిలో చిన్నబోతానని భయం.

పెద్దమ్మ లోపలికి పోయి చాటలో వేరుశనక్కాయలు తెచ్చింది. తొమ్మిదిమందినీ తలా ముప్పై ఆరు లెక్కపెట్టి ఒకచోట పోయమంది. సరిగ్గా మూడువందల ఇరవై నాలుగు. ముగ్గురికి పంచమని చాట నా ముందు పెట్టింది. పద్దెనిమిదేసి చొప్పున మూడు కుప్పలు పెట్టాను. చాట నిండుగా అలాగే ఉంది.

"ఇవన్నీ యాడికి పోవాలమ్మా?" అని అడిగింది, మెత్తగా.

నాకు ఏడుపు ఆగలేదు. పాఠం వినలేదని, తమ్ముడికి నేనే తప్పు నేర్పానని, వాడి తప్పేమీ లేదని వెక్కుతూనే చెప్పేశాను. అప్పుడు తమ్ముడు తల దించుకునే గొణిగాడు. "నాకు ముందు నూట ఎనిమిదే వచ్చింది పెద్దమ్మా. తుడిచేసినా."

"సరిగ్గా వచ్చినాక ఎందుకు తుడిచినావురా?" అన్నాడు చిన్నాయన.

"అక్క సున్న లేకుండానే చెప్పింది గదా. అక్క తప్పు చెప్తాదా?"

చిన్నాయన కొడుకు పక్కకు జరిగి కూర్చున్నాడు. ఒక శనక్కాయ ఒలిచి వాడి చేతిలో పెట్టి, "ఉండనీలే వదినా," అన్నాడు. ఆ మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు. పెద్దమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నా కిందివాళ్లలో ఆ లెక్క ఎవరెవరికి చేరిందో వాళ్లందరి దగ్గరికీ పోయి, నేను తప్పు చెప్పానని ఒప్పుకుని మళ్లీ నేర్పమంది. ఏడేళ్లదాని ముందు కూర్చుని ఆ మాట అనడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంట్లో సాయంత్రాలు మనవలకు లెక్కలు చెబుతుంటాను. ఎంత గద్దించే అలవాటున్నా, పాఠం మొదలుపెట్టే ముందు వాళ్లకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. నేను చెప్పినదానికీ మీకు వచ్చినదానికీ పొంతన కుదరకపోతే మీది తుడవొద్దు, తెచ్చి నాకు చూపించండి అని. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం ఆ మాట అన్నప్పుడల్లా, నా మీద నమ్మకంతో పలకను తుడిచేసిన ఆ చిన్న అరచెయ్యి కనబడుతుంది.