గండి కొట్టమన్న పెద్దాయన

తెలంగాణ ఏర్పడిన కొత్తలో నన్ను నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా దమ్మపేట వైపు వేశారు. అడవి అంచున ఉన్న చెరువులు నా పరిధి. వానాకాలంలో కట్టల మీద తిరిగి చూడటమే మాకు ముఖ్యమైన పని. కట్ట అడుగున ఊరే నీరు తేటగా ఉంటే ఫరవాలేదు. మట్టి కలిసి వస్తే లోపల కోసుకుపోతోందని అర్థం.

ఆ ఏడాది వానలకు ఒక పెద్ద చెరువు తూము పక్కన బురద నీరు మొదలైంది. ఇసుక బస్తాలు వేసినా ఆగలేదు. సరిగ్గా ఆ కిందే కోయగూడెం. వాగు పొంగి గూడెం దారి తెగిపోవడంతో జనాన్ని తరలించే వీలు లేకుండా పోయింది. కట్ట ఎత్తు తక్కువగా ఉన్న రెండో చివర మేమే గండి కొట్టి నీటిమట్టం దించాలి. దానికి పైఅధికారి అనుమతి కావాలి. ఫోన్లు పనిచేయడం లేదు. నేనే నిర్ణయం తీసుకుని, మనిషిని పంపి జేసీబీని రప్పించాను.

ఆ చివర దిగువన పొట్టదశలో వరి ఉంది. రైతులు జేసీబీకి అడ్డంగా కూర్చున్నారు. అంతలో మా ఎమ్మెల్యే మోకాళ్ల దాకా బురదతో నడిచి వచ్చారు. ఆ ప్రాంతమంతా ఆయన్ను పెద్దాయన అనేది. ఆ పొలాల్లో చాలావరకు ఆయన బంధువులవే.

“కట్ట ఆగుతదా, ఇంజనీరుగారూ?” అని అడిగారు.

“నమ్మకంగా చెప్పలేను సార్. తెగితే గూడెం మిగలదు,” అన్నాను.

ఆయన తమ్ముడు ముందుకొచ్చాడు. “ఏందన్నా ఇది? పొట్టకొచ్చిన పంట. మనోళ్లందరం ఏంగావాలె?”

“పంట పోతే నన్ను తిట్టుకో. గూడెం పోతే తిట్టనీకి గూడ ఎవ్వరుండరు. జల్దీ లెవ్వుండ్రి,” అన్నారు పెద్దాయన.

రైతులు లేచారు. తమ్ముడు మాత్రం అన్న ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రానికి నీరు దిగింది, కట్ట నిలిచింది. వరి మునిగిపోయింది.

అనుమతి లేకుండా గండి కొట్టినందుకు నాకు మెమో వచ్చింది. విచారణ రోజు పెద్దాయన ఎవరూ పిలవకుండానే వచ్చి, కొట్టమన్నది తానేనని అధికారికి చెప్పారు. బయటికి వచ్చాక, “మీరు రాకముందే నేను నిర్ణయించాను కదా సార్,” అన్నాను.

“అవ్, ఎరకే. మీకింక నౌకరీ ఉంది. మాటలు పడుడు నాకు అలవాటే,” అన్నారు.

మెమో అక్కడితో ఆగింది. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఆ పొలాల ఊళ్లలో ఓట్లు తగ్గాయని అందరూ అన్నారు. ఓటమికి అదొక్కటే కారణమని నేను చెప్పలేను. ఆయన మాత్రం ఆ గండి ప్రస్తావన ఎన్నడూ తేలేదు.

నిరుడు ఆయన పోయారు. దినానికి వెళితే గూడెం జనం ట్రాక్టర్లలో వచ్చి ఉన్నారు. వారికి దగ్గరుండి భోజనం వడ్డిస్తున్నది ఆ తమ్ముడే.

నేను డిప్యూటీ ఇంజనీరునయ్యాక, నా కింది వారు ఆపదలో తీసుకున్న నిర్ణయం సరైనదైతే దానికి సంజాయిషీ నేనే ఇచ్చాను. నిర్ణయించడం మా చదువు నేర్పింది. దాని వెనుక నిలబడటం ఆయన దగ్గర నేర్చుకున్నాను.