ఈశాన్యం మూల రాయి

శామీర్‌పేట దగ్గరి ఆ పాత ఇంటికి మేము మూడో యజమానులం. గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టించింది ఒక దొర. ఆయన వారసుల దగ్గర మేడ్చల్ నూనె వ్యాపారి కొన్నాడు. ఆయన పోయాక కొడుకులు మా మామగారికి అమ్మారు. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి. మా నాయిన రామాయణం ముందు పెట్టి నాకు ఇంట్లోనే తెలుగు నేర్పాడు గానీ, ఉర్దూ ఆయనకూ రాదు. ఆ కాగితాల్లో ఇంకెవరి హక్కు రాసి ఉందో మాకు తెలియదు. అందుకే గేటు దగ్గర ఎవరు ఆగినా మాకు అనుమానమే.

తొంభైల చివర్లో చుట్టూ ప్లాట్లు పడుతున్నాయి. ఒక శనివారం ప్రహరీ బయట, ఈశాన్యం మూలన, పిడికెడంత రాయికి పసుపు కుంకుమలు కనిపించాయి. మరుసటి శనివారం పక్కన ముందురోజు కాలిన ప్రమిద కూడా ఉంది. ఇవాళ బొట్టు, రేపు పందిరి, ఎల్లుండి గోడ. అట్లా పోయిన జాగాలు మా ఎరుకలోనే ఎన్నో ఉన్నాయి.

"కడిగి అవతల పారెయ్" అన్నారు మా ఆయన.

చెంబుతో వెళ్లాను గానీ చెయ్యి రాలేదు. కడిగితే పాపం, ఊరుకుంటే ఇల్లు పోతుందేమో. ఆ రాయిలో ఉన్న తల్లి ఎవరో గానీ ఆమె దయ, నీళ్లు ఒలకబోయలేదు.

శుక్రవారం పొద్దున్నే గోడ వెనక కాపు కాశాను. వచ్చింది ఆ నూనె వ్యాపారి భార్య.

"ఏంది పెద్దమ్మా, గుడి గట్టిస్తవా ఈడ?"

ఆమె వత్తి సరిచేసి గానీ తలెత్తలేదు. "ఇల్లు అమ్మినం బిడ్డా, పోచమ్మను అమ్మలే. ఇల్లు ఇడిసేటప్పుడు తల్లిని సాగనంపుడు మర్శిపోయినం. జెప్తే ఇల్లు అడగొచ్చిందనుకుంటవని జెప్పలే."

రాయిని తీసుకెళ్లమన్నాను.

"నేనుండేది గుండ్లపోచంపల్లిల కిరాయి రూము. తల్లిని కొంగుల కట్టుకొని ఎన్ని ఇండ్లు తిరగాలె?"

ఆ మాటలోనూ ఏదో ఎత్తు ఉందేమోనని వెతికాను. చివరికి దండం పెట్టి, ఆమె చేతనే రాయి తీయించి, గేటు లోపల తులసి పక్కన నేనే పెట్టాను. బయట ఉంటేనే కదా నలుగురూ పందిరి వేసేది.

"ఇగ ఇంట్లకే తెచ్చినవు. రేపు ఆమె కూడా వస్తది" అన్నారు మా ఆయన.

మరుసటి శుక్రవారం ఆమె వచ్చింది. లోపలికి రమ్మన్నాను. గేటు బయటే నిలబడిపోయింది.

"అమ్మిన గడప దాటొద్దు బిడ్డా."

వెలిగించిన ప్రమిదను గేటు మీదుగా అందించింది. నేను తీసుకెళ్లి రాయి ముందు పెట్టాను. ఆమె వెళ్లేదాకా మా ఆయన వరండాలో చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నారు.

అట్లా ఎన్నో శుక్రవారాలు గడిచాయి. ఒకరోజు ఆయనే వెళ్లి గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నారు. ఆమె నవ్వి, అక్కడినుంచే ప్రమిద ఆయన చేతిలో పెట్టింది.