నేను చెరిపేసిన కథ

లక్సెట్టిపేట దగ్గరి ఒక ఊళ్లో చిన్న పిల్లల బడిలో పనిచేసేటప్పుడు, వాళ్లచేత కంప్యూటర్‌లో మాట్లాడే బొమ్మల కథలు చేయించేదాన్ని. పిల్లలు బొమ్మలు గీసి, తమ గొంతుతో కథ చెబితే అది ఒక వెబ్‌సైట్‌లో దాచి ఉండేది. మూడో తరగతి అమ్మాయి ఒకతి తప్పిపోయిన మేకపిల్ల కథ చెప్పింది. నవ్వు ఆపుకోలేక మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో జ్వరం వచ్చి ఆ పిల్ల చనిపోయింది. మా ఊరికి వెళ్లిన నాకు ఆ సంగతి తెలియలేదు. కొత్త పిల్లల కథలకు చోటు కావాలని, ఇంటి నుంచే పాతవన్నీ తీసేశాను.

బడి తెరిచాకే ఆ సంగతి తెలిసింది. వారానికి ఆ పిల్ల వాళ్లమ్మ వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి.

"మేడం, మా బిడ్డ గొంతు మీ కంప్యూటర్ల ఉన్నదట. ఒక్కసారి వినిపియ్యుండ్రి" అంది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదమ్మా. తెల్వక నేనే తీసేసిన" అన్నాను.

ఆమె మెల్లగా అడిగింది. "ఏం చెప్పిందో మీకన్న యాదికున్నదా?"

గుర్తున్నంత వరకు చెప్పాను. మేకపిల్ల గోదావరి ఒడ్డున ఏడుస్తూ తిరగడం దాకా వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాతిది గుర్తు రాలేదు.

"మేకపిల్ల ఇంటికొచ్చింది మేడం. నేను బీడీలు చుట్టుకుంట కూసుంటే బిడ్డ రోజూ చెప్పేది. తల్లి పక్కకొచ్చి పండుకున్నది" అంది ఆమె.

ఆమె వెళ్లాక ఆ వెబ్‌సైట్ వాళ్లకు రెండుసార్లు రాశాను. తీసేసినవి తిరిగి రావని జవాబు వచ్చింది. ఆ మాట చెప్పడానికి నేను ఇంతవరకు వాళ్లింటికి పోలేదు.