ఉప్పు తక్కువ గుగ్గిళ్లు

జ్ఞానయ్య మాస్టారి లెక్కల క్లాసంటే పిల్లలకు హడల్. ఏళ్ల తరబడి నందిగామలో పొద్దున్నే బస్సెక్కి, జగ్గయ్యపేటలో దిగి, షేర్ ఆటోలో వేదాద్రి వెళ్లే దారిలోని ఊరి హైస్కూలుకు చేరుకునే ఆయన, దారిలో ఎవరు పలకరించినా తలూపి ఊరుకుంటారు. జాలి ఆయన సిలబస్‌లో లేదని తోటి టీచర్లు వెనక నవ్వుకునేవారు. అలాంటి మనిషి సంచిలో గుగ్గిళ్ల డబ్బా కనిపిస్తే వాళ్లకు వింతగా ఉండదూ మరి.

కారణం లెక్కలే. జనవరి నుంచి పదో తరగతికి సాయంత్రాలు కూడా క్లాసులు. బడిలో మధ్యాహ్నం పెట్టిన అన్నం అప్పటికి ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. మిరప కోతలూ అప్పుడే. తల్లులు చీకటితోనే ట్రాలీ ఆటోలెక్కి చేలకు వెళ్లిపోతారు. ఇంట్లో పిల్లలు ఏం తిన్నారో చూసేవాళ్లుండరు. పొద్దున చకచకా లెక్క చేసిన పిల్లలే సాయంత్రం అదే లెక్కలో కూడిక తప్పుతున్నారు. మాస్టారు మొదట తిట్టారు. తర్వాత ఒకరోజు అసలు ఏమైనా తింటున్నారా అని అడిగారు. తిన్నామండీ అన్నారు అందరూ. వెనక బెంచీ నవీన్‌బాబు ఇడ్లీ, చట్నీ అని వివరం కూడా ఇచ్చాడు. ఆ ఇడ్లీ తిన్నవాడు ఏడెనిమిదులు యాభై నాలుగని రాశాడు.

ఆ రాత్రే మాస్టారింట్లో శనగలు నానాయి. భార్య మెర్లిన్ ఉడికించి ఇస్తానన్నా ఆయన ఒప్పుకోక తనే ఉడికించారు. బీపీ వచ్చిన దగ్గర్నుంచి ఆయన నాలుక ఉప్పును మరిచిపోయింది. మెర్లిన్ రెండు గింజలు నోట్లో వేసుకుని, "వీటికన్నా మీ లెక్కలే నయమండి" అంది.

పొరపాటు పెట్టడంలో జరిగింది. ఎవరు ఖాళీ కడుపుతో కూర్చుంటున్నారో తనకు తెలుసుననుకున్నారు మాస్టారు. క్లాసు మధ్యలో ముగ్గుర్ని పేరు పెట్టి లేపి, స్టాఫ్‌రూములో డబ్బా ఉంది, తిని రండన్నారు. ఇద్దరు వెళ్లారు. తబస్సుం కదల్లేదు. లెక్కల్లో ఆ క్లాసుకంతటికీ ముందుండే పిల్ల. తినే వచ్చానండీ అని తలొంచుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు గదమాయించేసరికి లేచి వెళ్లింది.

మర్నాడు సాయంత్రం క్లాసుకు ఉండలేదు. ఆ తర్వాత అసలు బడికే రావడం మానేసింది. తల్లితో మిరప చేలోకి పోతోందని నవీన్‌బాబు చెప్పాడు. పబ్లిక్ పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి. ఒకసారి చేను దారి పట్టిన పిల్లలు తిరిగి బెంచీ మీదకు రావడం మాస్టారు తన సర్వీసులో పెద్దగా చూడలేదు.

ఒకరోజు క్లాసు ముగించి తబస్సుం వాళ్లింటికి నడిచారు. తండ్రి ఇమాం లారీ మీద వెళ్లాడు. తల్లి వలీబీ అప్పుడే చేలో నుంచి వచ్చి, కాయల మంటకు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. మాస్టారిని చూసి కొంగు సర్దుకుని మంచం వాల్చింది.

"మా పిల్ల ఎవర్నన్నా చెయ్యి చాచి అడిగిందా సార్?"

అడగలేదన్నారు మాస్టారు.

"మరి అంతమందిలో ఎందుకు లేపారండి?"

మంచికే చేశానని చెప్పబోయి, మానుకుని మంచం మీద కూర్చున్నారు. వలీబీ నూనె సీసా పక్కన పెట్టి, "ఎప్పుడనగా బయల్దేరారో. ఏమన్నా తిన్నారా?" అంది.

"తిన్నానమ్మా."

ఆ రోజు క్యారేజీ ఇంట్లో మరిచిపోయి వచ్చారాయన. పొద్దున్నుంచి టీలతోనే గడిచింది. అయినా నోటికి వచ్చిన మాట అదే. గుమ్మంలో నిలబడ్డ తబస్సుం ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నారు.

వలీబీ లేచింది. లోపలికి వెళ్లి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పళ్లెంలో పెట్టి తెచ్చింది. కూతురికొకటి ఇచ్చి, తానూ ఒకటి తీసుకుని గడప దగ్గర కూర్చుంది. మాస్టారు మారుమాట లేకుండా తిన్నారు. పచ్చడిలో ఉప్పు నాలుకకు చురుక్కుమంది.

చెయ్యి కడుక్కుని, "మీ ఇంట్లో నేను తిన్నా. రేపు నా క్లాసులో మీ అమ్మాయి తినాలి" అన్నారు.

"అది వేరు సార్. మీరు ఇంటికొచ్చినోళ్లు."

"క్లాసుకొచ్చినోళ్లు నా ఇంటికొచ్చినట్టే. తిన్నారా అని అడగను. పేరు పెట్టి లేపను."

వలీబీ తన చేతుల వంక చూసుకుంది. కోతలు ఇంకా మిగిలి ఉన్నాయంది. పంపుతాననలేదు, పంపననలేదు.

మర్నాడు సాయంత్రం డబ్బా స్టాఫ్‌రూముకు వెళ్లలేదు. మాస్టారు దాన్ని క్లాసులోనే మూత తీసి, ముందు తానో గుప్పెడు నోట్లో వేసుకుని, మొదటి బెంచీకి అందించి బోర్డు వైపు తిరిగారు. డబ్బా బెంచీ మీద నుంచి బెంచీ మీదకు జరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరు తీసుకున్నారో, ఎవరు వదిలేశారో ఆయన చూడలేదు. ఇంటి దగ్గర కడుపునిండా తిని వచ్చే పిల్లలు కూడా నములుతున్నారు. నవీన్‌బాబు రెండోసారి చెయ్యి పెట్టాడని ఎవరో గొణిగారు. లెక్క సగంలో ఉండగా వెనక నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది.

"సార్, వీటిల్లో ఉప్పు లేదండి."

సుద్దముక్క ఆగింది. తబస్సుం ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆయనకు తెలియదు. డబ్బా ఆమె ముందుంది, ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

"రేపు చూద్దాంలే. ముందు ఈ లెక్క సంగతి చూడు" అని మాస్టారు మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

ఇంటికి వెళ్లగానే శనగలకు ఉప్పు ఎంత వెయ్యాలో మెర్లిన్‌ను అడిగారు.

"ఏం, పిల్లలెవరన్నా నోరు విప్పారా?" అంది మెర్లిన్.

"విప్పారు" అన్నారు మాస్టారు.