పురుడు తీరకముందే

అప్పుడు నాకు ఏడో నెల. ఆ రోజు పొద్దున పుంగనూరులో మా ఇంటి మెట్లు దిగుతుంటే కళ్ళ ముందు మెరుపుల్లాగా వచ్చాయి. తల పగిలిపోయే నొప్పి. కాళ్ళ వాపు అప్పటికే ఉంది, అందరూ మామూలే అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆసుపత్రిలో నర్సు బీపీ చూసి, మళ్ళీ చూసి, 108కి ఫోన్ చేసింది.

ప్రీ-ఎక్లాంప్సియా అన్నారు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదంగా పెరిగిపోవడం. సాయంత్రానికి మదనపల్లెలో ఆపరేషన్ చేసి పాపను తీశారు. కిలోకు కాస్త ఎక్కువ. ఊపిరికి మిషన్ కావాలి, అక్కడ ఖాళీ లేదు. డాక్టరే ఫోన్ల మీద ఫోన్లు చేస్తే కుప్పంలో ఒకటి దొరికింది. నాకు ఫిట్స్ వస్తాయేమోనని కదలనివ్వలేదు. మా ఆయన, అత్త పాప వెంట వెళ్ళారు. పాప ముఖం నేను సరిగా చూడనే లేదు.

కుప్పంలో మొదట బాగుందన్నారు, ముక్కులోకి గాలి పంపే సీపాప్ మిషన్ తీసేశారు. తర్వాత ఇన్‌ఫెక్షన్. అది తగ్గుతుండగా ఎప్నియా మొదలైంది. పాప ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం ఆపేస్తుంది, నర్సు పాదం తట్టాలి.

"మందు ఇస్తాండాము. కంగారూ కేర్ కూడా చేద్దాం. ఒంటికి ఒళ్ళు తగలాల. తల్లి లేకుంటే నాయన," అన్నారు డాక్టరు. మా ఆయనకు అప్పటికే దగ్గు. మిగిలింది అత్త.

మా ఇంట్లో పురుడంటే పదకొండు రోజులు. బాలింత చీర తగిలినా తలస్నానం చేసే మనిషి మా అత్త. అన్ని రోజులూ అద్దం బయటినుంచే పాపను చూస్తూ నిలబడిందట.

"పురుడు తీరలేదు కదమ్మా, యాడ ముట్టుకునేది?" అంది.

"పురుడు దానిపాటికది తీరతాది అవ్వా. బిడ్డ ఊపిరి సూడు ముందు. మీ దేవునికి నేను సెప్పుకుంటాలే," అంది నర్సు.

అత్త మోచేతుల దాకా కడుక్కుని, రవిక హుక్కులు విప్పి కూర్చుంది.

మా ఆయన అద్దం బయటినుంచి వీడియో కాల్ చేశాడు. అత్త కొంగు కింద గుప్పెడంత తల. ఎగుడుదిగుడుగా ఉన్న మానిటర్ గీత మెల్లగా కుదుటపడింది. ఎంతసేపటికీ అలారం మోగలేదు. నేను మంచం మీద నోరు తెరుచుకుని చూస్తున్నాను. పక్క మంచం అమ్మాయి కూడా లేచొచ్చి చూసింది. అన్ని మిషన్ల మధ్య, ఒక మనిషి ఒంటి వేడి!

తర్వాత అత్తే ఫోన్ చేసింది. "నా పెండ్లిలో పీటల మీద కూడా ఇంతసేపు కదలకుండా కూసోలేదు తల్లీ. నువ్వు ఏడ్సాకు. నీ కూతురు నన్ను లేయనీదు."

అప్పటినుంచి రోజూ అదే పని. ఎప్నియా తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. బీపీ అదుపులోకి వచ్చాక నేను కుప్పం వెళ్ళాను. అత్త పాపను తన గుండె మీదినుంచి తీసి నా గుండె మీద పెట్టింది. పాప వెచ్చగా ఉంది.

ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది. కళ్ళు, చెవుల పరీక్షలకు ఇంకా కుప్పం వెళ్ళొస్తున్నాం. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం నాకింకా పోలేదు. ఇది రాస్తూ కూడా లేచి చూశాను.

నెలలు నిండని బిడ్డ పుట్టి తల్లి పక్కన లేకపోతే, ఇంకెవరైనా ఎత్తుకోవచ్చా అని డాక్టరును మీరే అడగండి. నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, ఎవరైనా. దగ్గు, జలుబు, జ్వరం, చర్మరోగం లేకుంటే చాలు. వాళ్ళంతట వాళ్ళు పిలుస్తారని బయట నిలబడకండి.