రెండు చేతులతో ఇచ్చిన పాస్‌పోర్ట్

నా చిన్నప్పుడు ఒకరి పాస్‌పోర్టును నా రెండు చేతులతో పరాయివాళ్లకు ఇచ్చేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "ఈరోజు బడి లేదు" అని మాత్రమే ఉంది.

బడి నిజంగానే లేదు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లోంచి కదలలేదు. పంతుళ్లంతా ధర్నాల్లో ఉన్నారు. కోరుట్ల చౌరస్తాలో టెంటు వేస్తే మా బాపు రోజూ పొద్దున్నే వెళ్లి అందులో కూర్చునేవాడు. నాకు పదకొండేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా తలుపు వెనక్కి పోయే పిల్లను. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని, ఇచ్చేది ఒంటిచేత్తో ఇవ్వకూడదని నాకు నేర్పారు. ఆ రెండూ అవసరానికి మించి నేర్చుకున్నాను.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, అప్పుడు మా ఇంట్లో ఉంది. భర్త పోయాక సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర కండెలు చుట్టి బతికిన మనిషి. జగిత్యాలలో ఒకప్పటి దొరల కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల కూతురు ఫ్రాన్స్‌లో, ప్యారిస్ దగ్గర ఉండేది. ఆమె పిల్లల్ని చూసుకుంటూ వంట చేయడానికి మనవైపు మనిషి కావాలని చిన్నమ్మను మాట్లాడుకున్నారు. వీసా పనులన్నీ ఆ ఇంటి దొరసానే చూసింది, పాస్‌పోర్ట్ ఎప్పుడొస్తుందో కబురు కూడా ఆమె ఫోన్‌కే వచ్చేది.

ఆ రోజు చిన్నమ్మ బట్టలు తెచ్చుకోవడానికి ఆటోలో సిరిసిల్ల వెళ్లింది. అమ్మ తను చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. పోస్ట్‌మ్యాన్ వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోయేసరికి నాతోనే సంతకం పెట్టించుకుని, చిన్నమ్మ పేరు రాసిన మందపాటి కవరు ఇచ్చి వెళ్లాడు. గంట తిరగకముందే ఇంటి ముందు తెల్లకారు ఆగింది. దొరసాని దిగలేదు. అద్దం దించి, "పాస్‌పోర్టొచ్చిందట గదా? ఇటియ్యి బిడ్డా, జాగ్రత్త పెడ్త" అంది. చాలా తియ్యగా అంది. నేను గడప దిగి వెళ్లి, రెండు చేతులూ చాపి ఇచ్చేశాను. దుమ్ము లేపుకుంటూ కారు పోయింది.

సాయంత్రం దొరసాని ఫోన్ చేసి పాస్‌పోర్ట్ తమకు ముట్టిందంటే, పోస్టు నేరుగా జగిత్యాలకే పోయిందని మావాళ్లు అనుకున్నారు. నేను నోరు విప్పలేదు. ఎవరూ బాధపడలేదు కూడా. మా కోరుట్లలో గల్ఫ్‌కు పోయినవాడు లేని ఇల్లు తక్కువ. అక్కడ దిగగానే పాస్‌పోర్ట్ యజమాని చేతిలో పెట్టడం మావాళ్లకు గుమ్మం ముందు చెప్పులు విడిచినంత మామూలు.

మా పక్కింట్లో ఖాలా ఉండేది; ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. వాకిట్లో కుట్టుమిషన్ వేసుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఉర్దూ, తెలుగు రెండూ గలగలా మాట్లాడేది. తిట్లు మాత్రం తెలుగులోనే. గల్ఫ్‌లో ఒక ధనవంతుల ఇంట్లో పనికి కుదిరి, వాళ్లు ఫ్రాన్స్‌లో ఇల్లు కొనుక్కుంటే వెంట వెళ్లి, ఆరేళ్లు అక్కడే ఉండి వచ్చింది. చిన్నమ్మ వెళ్తోందని తెలిసి తనే పిలిచింది. "రేపటి సంది పొద్దుగాల్ల నా దగ్గరికి రా చెల్లె. నువ్వు రాస్కో బిడ్డా, మీ చిన్నమ్మ మరిచిపోతది" అంది. అట్లా నా డైరీ వెనుక పేజీలు ఫ్రాన్స్ పేజీలయ్యాయి.

మొదటి పాఠం దుకాణం. ఖాలా మిషన్ దగ్గర దుకాణదారులా కూర్చుంది. చిన్నమ్మ గేటు తీసుకుని వచ్చి బ్రెడ్ కొనాలి. చిన్నమ్మ మా కోరుట్ల పద్ధతిలో గేటు బయటినుంచే, "అక్కా, ఒక బ్రెడ్డియ్యి" అని కేకేసింది. ఖాలా మొహం తిప్పేసుకుంది. చిన్నమ్మ మళ్లీ అడిగింది. ఖాలా దారం ఎక్కించుకుంటూ కూర్చుంది.

"ఆడ గిట్ల పోతే నువ్వు మనిషివి గావు, గోడవు. ముందుగాల బోంజూర్ అనాలె. ఎనుక బ్రెడ్డు."

"బోంజూరంటే ఏంది?"

"సలాం."

"ముక్కుమొఖం తెలువనోళ్లకు సలామెందుకే?"

"తెలుసుకోనీకే!"

దుకాణంలో, బస్సెక్కితే డ్రైవర్‌కు, లిఫ్టులో, డాక్టర్ దగ్గర కూర్చున్నవాళ్లందరికీ చెప్పాలట. తల వంచుకుని పోవడం మన దగ్గర మర్యాద, అక్కడ మాత్రం ఏదో దాస్తున్నామనుకుంటారట. నాకప్పుడే భయం వేసింది. అటువంటి దేశంలో నేనైతే బ్రెడ్ లేకుండానే చచ్చిపోతానని రాసుకున్నాను.

మరోరోజు ఖాలా సేమియా పెట్టి, ఇంకొంచెం వేస్తానంటే చిన్నమ్మ అలవాటు కొద్దీ వద్దంది. ఖాలా గిన్నె తీసుకుని లోపలికి పోయింది. చిన్నమ్మ నోరు తెరుచుకుని చూసింది. మన దగ్గర రెండుసార్లు వద్దని మూడోసారి పెట్టించుకుంటాం. అక్కడ ఒక్కసారి వద్దంటే వద్దనే అర్థం. "కడుపు మాడ్సుకోకు. కావాలంటే కావాలను, వద్దంటే వద్దను. వాళ్లకు నీ మనసుల మాట చదువరాదు" అంది ఖాలా.

మిగిలినవి రోజుకు కొన్ని రాసుకున్నాను. రైలెక్కే ముందు టికెట్‌ను ప్లాట్‌ఫాం మీది పసుపుపచ్చ పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జుర్మానా. ఆదివారం దుకాణాలు మూస్తారు, శనివారమే తెచ్చుకోవాలి. ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉంటే మందుల దుకాణం, చిన్న జబ్బులకు ముందు అక్కడే అడగాలి. ప్రాణం మీదికొస్తే నూటపన్నెండు నొక్కాలి. కరెంటు బిల్లైనా, జీతం కాగితమైనా, ఏ కాగితమూ పారేయకూడదు, ఆ దేశంలో కాగితమే సాక్షి. ఆఫీసుకు పోతే అసలు కాగితం చూపించి నకలు ఇచ్చి రావాలి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదు, ఇంటికి తెచ్చుకుని ఎవరితోనైనా చదివించుకోవాలి.

అది రాస్తుండగానే ఖాలా మామూలుగా అడిగింది: "నీ పాస్‌పోర్టేది? తే, జేబు కొలత తీస్కుంట. లోపటి లంగాకు కుడ్త."

"గది దొరసాని దగ్గరున్నది గద అక్కా" అంది చిన్నమ్మ.

మిషన్ ఆగిపోయింది. ఖాలా గొంతు పెంచలేదు, అందుకే నాకు భయమేసింది. ఫ్రాన్స్‌లో తన పాస్‌పోర్ట్ కూడా యజమాని లాకర్‌లోనే ఉండేదట. ఇక్కడ వాళ్లమ్మకు ప్రాణం మీదికొచ్చిందని ఫోనొస్తే, ఈ వారం, వచ్చే వారం అంటూ ఇవ్వలేదట. "మా అమ్మ కోరుట్ల మట్టిల కలిసే యాళ్లకు నేనాడ గిన్నెలు తోముతున్న. ఆ దేశంల ఇంకొకల పాస్‌పోర్ట్ గుంజి పెట్టుకునేటందుకు ఎవలికీ హక్కు లేదు. గా సంగతి నాకు జెప్పింది ఎవలో ఎర్కేనా? నేను రోజూ బోంజూర్ జెప్పే మందుల దుకాణపామె. ఆమెనే నన్ను పోలీసుల దగ్గరికి తోల్కపోయింది."

సాయంత్రం బాపు గొంతు బొంగురుపోయి టెంటు నుంచి వచ్చాడు. ఖాలా గోడ మీంచే పట్టుకుంది.

"పొద్దంత ఏమని ఒర్రినవ్ తమ్మీ?"

"మా రాష్ట్రం మాకియ్యాలె అని."

"మంచిగున్నది. మీ మరదలి పాస్‌పోర్ట్ మాత్రం దొరల దగ్గరుండాలె."

"గట్లెట్ల అడుగుత అక్కా? పెద్దోళ్లు. నమ్మకం లేదా అంటరు."

"ఢిల్లీల ఉన్నోళ్లు నీకన్న చిన్నోళ్లా? వాళ్లనెట్ల అడుగుతున్నవ్?"

బాపు లోపలికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఆ రాత్రి ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చౌరస్తాలో పిడికిలి ఎత్తే చెయ్యి, దొరల గడప ముందు ఎందుకు లేవదు? ఆ కోపం బాపు మీదే పెట్టుకోవడం నాకు సులువుగా ఉండేది. అసలు చేతులు ఎవరివో నాకొక్కదానికే తెలుసు కదా.

మర్నాటి నుంచి ఖాలా వేరే ఆట మొదలుపెట్టింది. జాకెట్ కత్తిరించే కొలతల అట్ట ఒకదాన్ని పాస్‌పోర్ట్ అనుకోమని చిన్నమ్మకిచ్చి, తను దొరసానై అడిగేది. చిన్నమ్మ ప్రతిసారీ ఇచ్చేసేది. నవ్వుతూ కొన్నిసార్లు, ఏడుపు మొహంతో కొన్నిసార్లు, కానీ ఇచ్చేసేది. ఖాలా ఆమె మణికట్టు మీద కొట్టేది. "నా నోటికి రాదక్కా" అనేది చిన్నమ్మ.

జాకెట్ల కోసం నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్న పూట ఖాలా ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఇటియ్యి బిడ్డా, జాగ్రత్త పెడ్త" అని డైరీకి చెయ్యి చాపింది. దొరసాని అన్న అవే మాటలు. అయినా నా రెండు చేతులూ నన్నడగకుండానే చాచుకుని ఇచ్చేశాయి. ఖాలా మధ్య పేజీ తెరిచి, వేలు పెట్టి, అందరికీ వినిపించేలా గొంతు సవరించుకుంది. ఆ పేజీల్లో అమ్మ మీది అలకలు, కథల్లోంచి రాసుకున్న వాక్యాలు ఉన్నాయి, నేనెవరికీ చూపని నేను ఉన్నాను. ఖాలాకు తెలుగు చదవరాదని తెలిసీ ఆ క్షణంలో మరిచిపోయాను.

"అది నాది! నా బుక్కు నాకియ్యి!"

అంత గట్టిగా అరిచింది నేనేనని నాకు తర్వాత తెలిసింది. ఖాలా వెంటనే పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. చిన్నమ్మతో, "చూసినవా? గట్లడుగాలె. గీ సిగ్గుల పోరికే వచ్చింది, నీకెందుకు రాదు?" అంది. ఆడవాళ్లు నవ్వారు. నేను రెండు రోజులు ఖాలా మొహం చూడలేదు. నలుగురి ముందు నన్నెందుకు అట్లా చేయాలని ఉడికిపోయాను.

మూడోరోజు చిన్నమ్మే జగిత్యాల పోదామంది. ఖాలా, చిన్నమ్మ, నేను ఆటోలో బయల్దేరాం. దారిలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నం వండి, బండ్లన్నీ ఆపి, ఆగినవాళ్లకు వడ్డిస్తున్నారు. మాకూ విస్తర్లు వేశారు. ఇంకొంచెం పెట్టనా అంటే చిన్నమ్మ ఖాలా వైపు చూసి, "పెట్టుండ్రి" అంది.

దొరల ఇంటి గేటు దగ్గర ఖాలా ఆగిపోయింది. "నేనొస్తే నేనడిగినట్టైతది. నువ్వు పో."

దొరసాని వరండాలో కుర్చీలో ఉంది. నేను చిన్నమ్మ కొంగు వెనుక దాక్కున్నాను. "మీ పోరినే ఇచ్చింది గదా" అంటుందేమోనని ఆమె నోటి వైపే చూస్తున్నాను. ఆమె నన్నొకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. నన్ను గుర్తుపట్టనే లేదు. బయటపడలేదన్న సంతోషం కంటే, నా చేతుల్లోంచి తీసుకుని నా మొహమైనా గుర్తుపెట్టుకోలేదన్న మంటే ఎక్కువైంది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

"నా పాస్‌పోర్ట్ ఇయ్యుండ్రి అమ్మా" అంది చిన్నమ్మ.

"నీకెందుకిప్పుడు? నా మీద నమ్మకం లేదా?"

చిన్నమ్మ తల ఎత్తి చూసింది. "నమ్మకమున్నదమ్మా. అది నాది."

దొరసాని లోపలికి వెళ్లి తెచ్చి అరుగు మీద విసిరింది. "విమానం ఎక్కకముందే నోరు లేసింది. ఆడ దిగినంక మా అల్లుని చేతిలియ్యి."

"నా దగ్గర్నే ఉంచుకుంట." అని చిన్నమ్మ వంగి పాస్‌పోర్ట్ తీసుకుంది. ఒంటి చేత్తో తీసుకుంది.

ప్యారిస్‌లో దిగగానే ఆ అల్లుడు చెయ్యి చాపితే, చిన్నమ్మ ఆ చేతిలో మామిడికాయ తొక్కు డబ్బా పెట్టిందట. ఏడాది తిరగకముందే ఆ ఇంట్లో ఆదివారాలు కూడా బయటికి పంపడం మానేశారు. ఒక పొద్దున చిన్నమ్మ జేబులో పాస్‌పోర్టుతో, దాచుకున్న కాగితాల సంచితో ఆ ఇంట్లోంచి నడిచి వచ్చేసింది. రైలు టికెట్‌కు ముద్ర వేయించుకోవడం మరచిపోలేదని తర్వాత ఫోన్‌లో గొప్పగా చెప్పింది. ఇప్పుడు ఒక బడి వంటింట్లో పనిచేస్తోంది.

నేను కోరుట్ల దాటి పెద్దగా పోలేదు. ఇప్పటికీ నలుగురిలో నా గొంతు లేవదు. కానీ ఉద్యోగంలో చేరిన ప్రైవేటు బడిలో నా అసలు సర్టిఫికెట్లు తమ దగ్గరే జాగ్రత్తగా ఉంచుతామన్నప్పుడు, నా చేయి ఫైలు మీదే ఆగిపోయింది. నకళ్లు ఇచ్చి వచ్చాను. అసలువి ఇవ్వలేదు. దొరసాని వరండాలో పుట్టిన ఆ మంటను నేను వదులుకోను. నాకున్న కాస్త ధైర్యం దానిలోంచే వచ్చింది.

పోయినేడు ఖాలా మంచం పట్టింది. ఈసారి చెప్పేయాలనే వెళ్లాను. పక్కన కూర్చుని, "ఖాలా, గప్పుడు పాస్‌పోర్ట్..." అని మొదలుపెట్టేలోపే నా మణికట్టు పట్టుకుంది. వారం తిరగకుండానే ఆమె పోయింది. ఆ రోజు ఆమె అన్నవే నాతో అన్న ఆఖరి మాటలు.

"కారొచ్చిననాడు నేను మిషన్ మీదనే ఉన్న బిడ్డా, అంత చూసిన. ఎర్కుండి గూడ మీ చిన్నమ్మను పాస్‌పోర్టేదని అడిగిన. నీకు నేర్పినట్టే నువ్వు చేసినవ్. గట్లనే ఇడ్సిపెడితే బతుకంత ఇచ్చుకుంటనే పోతవని, నీ బుక్కడిగిన."