అమెరికా పాఠాల బడికి మా అత్త పెట్టిన పరీక్ష

మా పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా మా ఆయనకు అమెరికా చదువు పిచ్చి పట్టుకుంది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. దేన్నైనా విప్పి చూస్తేగానీ నమ్మడు. అలాంటి మనిషి ఒక కరపత్రాన్ని మాత్రం చూడగానే నమ్మేశాడు. సోలై నగర్ పోయే దారిలో చిన్నపిల్లలకు కొత్త బడి పెట్టారట, అమెరికా సిలబసట, ఫీజు మనలాంటివాళ్ళు కట్టగలిగేంతేనట.

"సవకగా అమెరికా యాడ దొరకతాదిరా?" అంది మా అత్త. "మన ఊరిని ఏలిన ఫ్రెంచోళ్ళు పొయ్యి ఎన్నాళ్ళో కాలా, అప్పుడే వీళ్ళా?"

మా అత్త కోసపాళయం బాల్వాడీలో ముప్పై ఏళ్ళు ఆయాగా పనిచేసింది. ఆమెను ఇంట్లో వదిలి బడి చూడ్డానికి పోవడం జరిగే పని కాదు. శనివారం నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. నలుగురం ఆటో ఎక్కాం.

మా ఇంటి భాష గురించి ఒక మాట చెప్పాలి. వీధిలో మేం తమిళం మాట్లాడతాం. ఆఫీసులో నాకు ఇంగ్లీషుతో పని. తెలుగు ఇంట్లో మాత్రమే. తరతరాలుగా మద్రాసుకు దక్షిణాన ఈ ఊళ్ళోనే బతుకుతున్నా దాన్ని నాలుగు గోడల మధ్యే పెట్టుకున్నాం కాబట్టి, బయటికి వస్తే అది మాకు గుట్టు మాటగా పనికొస్తుంది. బజారులో బేరం దగ్గరా, పెళ్ళిలో పంక్తి దగ్గరా ఎదుటివాళ్ళ ముందే వాళ్ళ సంగతి మాట్లాడుకోవచ్చు. మా అత్త ఈ వసతిని గొంతు కూడా తగ్గించకుండా వాడుకునేది.

బడి ఒక మేడ ఇంట్లో ఉంది. ప్రిన్సిపాలమ్మకు నలభై ఏళ్ళుంటాయి. నూలు చీర, మెడలో తాళాల గుత్తి. మాతో ఇంగ్లీషులో, అత్తతో తమిళంలో పలకరించింది. మా ఆయన ఫోన్లో ఇరవై ప్రశ్నలు రాసుకొచ్చాడు. ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలని అడిగితే పన్నెండు మందని ఆమె చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది.

"చదువు టీచరు చెప్పినట్టు సాగుతుందా, పిల్లల ఇష్టం వచ్చినట్టు సాగుతుందా మేడం?" అని రెండోది అడిగాడు.

"మీరేమంటారు?" అందామె.

ఎదురు ప్రశ్న ఆయన ఫోన్లో లేదు. దాన్ని పైకీ కిందికీ జరిపి చూసి, "మేం ఇంట్లో కొట్టం మేడం," అన్నాడు.

తరగతి గదిలో గోడ నిండా ఎర్రవీ పసుపువీ కాగితం ఆకులు అంటించారు. రెండో గోడకు దూదితో చేసిన మంచు. మాకు మాత్రం ఉక్కపోతకు వీపులు తడిసిపోతున్నాయి.

"ఆకులకు జబ్బు చేసినట్టుండాది," అంది అత్త తెలుగులో. "ఇంత పత్తి గోడకు కొట్టే బదులు దిండ్లు కుట్టుంటే పిల్లకాయలు పండుకుందురు గదా."

నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. ప్రిన్సిపాలమ్మ చిరునవ్వుతో, అవి అమెరికా రుతువులని తమిళంలో వివరించింది.

"ఈయమ్మ అమెరికాకు పొయ్యుంటాదంటావా?" అత్త నా వైపు తిరిగింది. "మొగం చూస్తే మద్రాసన్నా దాటినట్టు లేదు."

తర్వాత అత్త నేరుగా పిల్లల కక్కూసుకు నడిచింది. గడియ పిల్లలకు అందుతుందో లేదో వంగి చూసింది. కొళాయి తిప్పింది. మూల మూలా వాసన చూసింది. బయటికొచ్చి, "కక్కూసు బాగుండాది. ఈయమ్మకంటే ఆ కక్కూసే మేలు," అని తీర్పు చెప్పింది.

"కక్కూసును మెచ్చుకున్నారు, సంతోషం," అంది ప్రిన్సిపాలమ్మ, తెలుగులో. "కానీ మద్రాసు దాటకుండా ఈడికెట్టా వస్తానమ్మా? మాది నెల్లూరు."

మా ఆయన ఫోన్లోకి తలదూర్చాడు. నేను దూది మంచును శ్రద్ధగా పరిశీలించాను. పాప మాత్రం చప్పట్లు కొట్టి, "అవ్వా, ఈ మిస్సుకు మన మాట వస్తాది!" అని బడంతా వినిపించేట్టు అరిచింది.

అత్త కొంగు సర్దుకుంది. "ముందే చెప్పకూడదా తల్లీ?"

"చెప్పుంటే మీరు ఇంత నిజం మాట్లాడుండరు. వచ్చినోళ్ళంతా సూపర్ సూపర్ అనేసి పొయ్యినారు."

ఆమె మమ్మల్ని పిల్లల కుర్చీల్లోనే కూర్చోబెట్టింది. మా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఇక ఆమె ఏదీ దాచలేదు. తను అమెరికా చూడలేదు. పుస్తకాలూ, ఏ వారం ఏం చెప్పాలన్న వరసా అక్కడినుంచి వస్తాయి. బట్టీ ఉండదు, ఆటలూ కథలూ ఎక్కువ. టీచర్లు ఎక్కువ జీతం దొరికితే వెళ్ళిపోతుంటారు. ఈ బడి ఐదో తరగతి వరకే, ఆ తర్వాత పిల్లలు వేరే సిలబసుకు మారాలి, అప్పుడు కొంచెం కష్టపడతారు. ఆమె చెబుతుండగా ఒక చిన్నపిల్ల ముక్కు కారుస్తూ వచ్చి ఆమె ఒడిని ఆనుకుని నిలబడింది. ఆమె మాట ఆపకుండానే ముక్కు తుడిచి, ఊడిన గుండీ పెట్టి పంపేసింది.

తిరిగి ఆటోలో మా ఆయన గాలి తీసేసిన టైరులా కూర్చున్నాడు. "ఆమె అమెరికానే చూడలేదంట కదా," అన్నాడు.

"నువ్వు బస్సులు బాగుచేస్తావే, బస్సు కనిపెట్టినోడి ఊరు చూసినావా?" అంది అత్త. "ముక్కు తుడిచింది చూడ్లా? ఎన్నో ఏండ్లు చేస్తేగానీ ఆ చెయ్యి రాదు. మొగం మీదే అంత మాటంటే కోపం తెచ్చుకోలా. బిడ్డలకాడ అట్లాంటి మనిషే ఉండాల. ఆడే చేర్చు."

చేర్చాం. నాకు ఆ ఐదో తరగతి తర్వాతి సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అది ఇంకా పోలేదు. పాప మాత్రం నెల తిరిగేసరికి ఇంటికే బడి పద్ధతి తెచ్చింది. రాత్రి భోజనాలకు అందరూ గుండ్రంగా కూర్చోవాలి. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. మొదటిరోజు మా ఆయన చెయ్యెత్తకుండా ఉప్పు అడిగి మందలింపు తిన్నాడు.

ఆయన్ని చూసి అత్త బుద్ధిగా చెయ్యెత్తింది. పాప మెల్లగా ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, అప్పుడు "చెప్పు అవ్వా," అంది.

"కొంచెం చారు పొయ్యండి మిస్," అంది మా అత్త.